ఆర్ఓ పంపు, యాక్రిలిక్ డబ్బాతో టిష్యూ క్లియరింగ్ సెటప్: గుంటూరు ఎండల్లో కూడా నడిచేలా

రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మేక మెదడు ముక్కలోంచి కొవ్వు తీసేసి పారదర్శకం చేస్తే, దీన్నే టిష్యూ క్లియరింగ్ అంటారు, ఆ ముక్కని దినపత్రిక మీద పెట్టి, దాని కింద ఉన్న అక్షరాలు చదవొచ్చు. నేను డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పిన ఏ పాఠమూ ఈ ఒక్క ముక్క చేసిన పని చేయలేదు. దీనికోసం కంపెనీలు అమ్మే మెషిన్లు మన కాలేజీల బడ్జెట్‌కి అందవు. కానీ ఆ మెషిన్ లోపల ఉండేది ఏంటయ్యా అంటే ఒక డబ్బా, రెండు ఎలక్ట్రోడ్లు, ఒక పంపు, ఒక పవర్ సప్లై, చల్లబరిచే ఏర్పాటు ఒకటి. ఇవన్నీ గుంటూరు, బెజవాడల్లోనే దొరుకుతాయి.

ఒకటి ముందే చెప్పేస్తాను. ఇది కరెంటు పని అనుకుని మొదలుపెడతారు అందరూ, మేమూ అలాగే మొదలుపెట్టాం, కానీ సెటప్ కట్టాక రోజూ కుస్తీ పట్టేది వేడితోనూ బుడగలతోనూ. మేం దీన్ని మూడుసార్లు విప్పి కట్టాం. మూడుసార్లూ కారణం వేడే. అందుకే కింద చెప్పే ప్రతి అడుగులోనూ వేడి ఎక్కడ పుడుతోంది, ఎక్కడికి పోతోంది అన్నది చూసుకుంటూ వెళ్దాం.

అసలు ముక్క ఎందుకు పారదర్శకం అవుతుంది

కణజాలం తెల్లగా, మబ్బుగా కనిపించడానికి కారణం కొవ్వు పొరలు. నీటి వక్రీభవన గుణకం 1.33, కొవ్వు పొరలది 1.45 చుట్టుపక్కల ఉంటుంది, ఈ రెండూ కలగలిసి ఉన్నచోట వెలుగు తిన్నగా పోలేక చెల్లాచెదురవుతుంది. కొవ్వుని సబ్బు లాంటి ఎస్‌డీఎస్ (సోడియం డొడెసిల్ సల్ఫేట్)తో కడిగేస్తే సరిపోతుంది కదా అంటే, ఊరికే కడిగితే ముక్క కూడా వదులైపోతుంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసెరాత్ బృందం, అందులో క్వాంగ్‌హున్ చుంగ్ ముఖ్యుడు, క్లారిటీ అనే పద్ధతి బయటపెట్టారు. ముందు ముక్కలోకి యాక్రిలమైడ్ ఇంకించి లోపలే జెల్ వలలా గట్టిపడేలా చేస్తారు. ప్రొటీన్లు ఫార్మాల్డిహైడ్ ద్వారా ఆ వలకి అతుక్కుంటాయి, కొవ్వు అతుక్కోదు. ఆ తర్వాత ఎస్‌డీఎస్ కొవ్వుని చుట్టుకుంటుంది, ఎస్‌డీఎస్‌కి రుణావేశం ఉంది కాబట్టి కరెంటు పెడితే ఆ గుంపంతా ప్లస్ ఎలక్ట్రోడ్ వైపు లాక్కుపోతుంది. కరెంటు లేకుండా వెచ్చటి ఎస్‌డీఎస్‌లో ఊరబెట్టినా పని అవుతుంది, కాకపోతే రోజులకి బదులు వారాలు పడుతుంది. మీ దగ్గర తొందర లేకపోతే, ముక్క 1 మి.మీ. లోపే అయితే, నిజానికి ఈ సెటప్ అక్కర్లేదు, సీసాలో వేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేయండి. మందం పెరిగే కొద్దీ కరెంటు విలువ తెలుస్తుంది.

ఇంట్లో చేసేవి, ఇంట్లో చేయకూడనివి

డబ్బా కట్టడం, పంపు బిగించడం, లీకులు చూడటం, చైనా గ్రాస్‌తో టెస్ట్ చేయడం, ఇవన్నీ ఇంట్లో వరండాలో చేసుకోవచ్చు. ఫార్మలిన్ (నీళ్లలో కరిగిన ఫార్మాల్డిహైడ్), యాక్రిలమైడ్ మాత్రం కాలేజీ ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గూడు) కిందే. గట్టిపడని యాక్రిలమైడ్ నరాల మీద పనిచేసే విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, పొడి కొనొద్దు, 40 శాతం ద్రావణంగా దొరుకుతుంది, అదే కొనండి, తూకం వేసేటప్పుడు దుమ్ము లేస్తుందన్న భయం ఉండదు. ఎస్‌డీఎస్ పొడి కూడా గాల్లోకి లేస్తే ముక్కు, గొంతు మండిపోతాయి, ఫ్యాన్ ఆపి మాస్క్ పెట్టుకుని తూచండి. వంటింటి ఫ్రిజ్‌లో ఇవేవీ పెట్టకూడదు.

ఎలకల మెదడు వాడాలంటే జంతు ప్రయోగాల కమిటీ అనుమతి కావాలి. మాంసం షాపులో దొరికే మేక మెదడుకి ఆ బాధ లేదు. పొద్దున్నే వెళ్లి, "అన్నా, తలకాయ కొట్టేటప్పుడు మెదడు చెదరకుండా తీసివ్వు" అని ముందే చెప్పుకోవాలి, లేకపోతే కూర కోసమే అనుకుని ముక్కలుగా ఇచ్చేస్తారు. ఐస్ వేసిన థర్మోకోల్ డబ్బా తీసుకెళ్లండి.

డబ్బా, ఎలక్ట్రోడ్లు

నేమ్ బోర్డులు చేసే షాపులో 5 మి.మీ. యాక్రిలిక్ షీటు కొలతకి కోసిస్తారు, క్లోరోఫామ్‌తో అతికించడం కూడా వాళ్లకి అలవాటే. లోపలి కొలతలు మావి ఇలా ఉన్నాయి: వెడల్పు 4 సెం.మీ., ద్రావణం లోతు 5 సెం.మీ., రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 5 సెం.మీ. డబ్బా ఎత్తు 8 సెం.మీ. పెట్టించండి, నురగకి చోటు కావాలి. ఇంతకంటే పెద్దది కట్టాలనిపిస్తుంది, వద్దు. అడ్డుకోత వైశాల్యం పెరిగితే అదే వోల్టేజికి కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, ముక్కకి ఒరిగేదేమీ లేదు.

ద్రావణం లోపలికి వచ్చే రంధ్రం అడుగున, బయటికి పోయే రంధ్రం పైన ఉండాలి. బుడగలు పైకే లేస్తాయి కాబట్టి ప్రవాహం వాటిని అటే తోసుకుపోతుంది. మేం మొదట రెండూ ఒకే ఎత్తులో పెట్టించాం, బుడగలన్నీ ముక్క కిందే పేరుకుపోయి, బుడగ అంటుకున్న చోట క్లియర్ కాకుండా గుండ్రటి తెల్ల మచ్చ మిగిలింది.

ఎలక్ట్రోడ్ల దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. ప్లస్ వైపు ప్లాటినమే ఉండాలి. స్టీలు పెడితే ఒక పూటలో ద్రావణం గోధుమ రంగులోకి తిరుగుతుంది, తుప్పు ముక్కలోకి ఇంకిపోతుంది, పైగా స్టీలులోంచి క్రోమియం కూడా కరిగి వస్తుంది, అది విషం. పెన్సిల్ గ్రాఫైట్ పెడితే నల్లటి పొడి రాలుతుంది. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. మైనస్ వైపు హైడ్రోజన్ పుడుతుంది తప్ప లోహం కరగదు, కాబట్టి అక్కడ 316 రకం స్టీలు జాలి చక్కగా సరిపోతుంది. అంటే ప్లాటినం ఖర్చు సగానికి తగ్గుతుంది. ఒకటే షరతు, వైర్లు ఎప్పుడూ తారుమారు కాకూడదు. ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ వేర్వేరు సైజు పిన్నులు పెట్టేయండి, అప్పుడు పొరపాటున కూడా తిరగేసి గుచ్చలేరు.

ప్లాటినం ఎక్కడ? సన్నటి ప్లాటినం తీగ యాక్రిలిక్ చట్రానికి అటూ ఇటూ చుట్టుకోవచ్చు. దానికంటే చవక, ప్లాటినం పూత పూసిన టైటేనియం జాలి. బంగారు పూత పనిలో ప్లస్ వైపు వాడే సామానే ఇది. మనకి పక్కనే బందరు ఉంది, చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్లు ఉన్నారు. మాకు ఆ పని చేసే ఒక బాబాయ్ ద్వారానే అరచేతిలో సగం ముక్క దొరికింది. పాత జాలి అయితే పూత అరిగిపోయి ఉంటుంది, వెండి రంగు తళుకు పోయి మట్టి బూడిద రంగు కనిపిస్తే తీసుకోవద్దు. పూత పోయిన టైటేనియం మీద పొర కట్టి కరెంటు ఆగిపోతుంది.

ముక్కని పట్టే బుట్టకి ప్లాస్టిక్ టీ జాలి వాడండి. స్టీలు జాలి వాడారనుకోండి, కరెంటు మధ్యలో వేలాడే ఆ లోహం ఒక వైపు ప్లస్‌లా, ఇంకో వైపు మైనస్‌లా పనిచేసి ముక్కకి ఆనుకునే బుడగలు వదులుతుంది. ముక్క చదునైన ముఖం ఎలక్ట్రోడ్ వైపు తిరిగి నిలబడాలి, అప్పుడు కొవ్వు బయటికి రావాల్సిన దారి 2 మి.మీ. మాత్రమే. పడుకోబెడితే అదే దారి సెంటీమీటర్లలోకి పోతుంది. ఎలక్ట్రోడ్‌కి ముక్కకి మధ్య కనీసం ఒకటిన్నర సెం.మీ. ఖాళీ ఉండాలి.

పంపు, పైపులు

మేం చాలా తిరిగాక అర్థమైంది, దీనికి కావాల్సిన ప్లంబింగ్ అంతా ఇంట్లో మంచినీళ్ల ఆర్ఓ ప్యూరిఫైయర్‌లోనే ఉంది. 24 వోల్టుల బూస్టర్ పంపు, పావు అంగుళం పైపు, నొక్కితే బిగిసే కనెక్టర్లు, 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టర్, లో ప్రెజర్ స్విచ్. ప్యూరిఫైయర్లు రిపేర్ చేసే షాపులో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. కూలర్లలో వేసే సబ్‌మెర్సిబుల్ పంపు చవక కదా అని వాడొద్దు. దానికి 230 వోల్టులు, మునిగి ఉండేది ఉప్పునీళ్లలా కరెంటు పారే ద్రావణంలో, దాని సీలు ఒక్కసారి కారితే మీ చెయ్యి అందులో ఉన్నప్పుడే కారొచ్చు. మొత్తం సెటప్‌కి కరెంటు వచ్చే బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కచ్చితంగా పెట్టించండి.

దారి ఇలా వేయండి. 5 లీటర్ల మూత డబ్బా నుంచి ఫిల్టర్, అక్కడి నుంచి పంపు, పంపు నుంచి 5 మీటర్ల ఆర్ఓ పైపు చుట్ట, ఆ చుట్ట 20 లీటర్ల బకెట్ నీళ్లలో మునిగి ఉండాలి, చుట్ట నుంచి యాక్రిలిక్ డబ్బా అడుక్కి, డబ్బా పైనుంచి మళ్లీ 5 లీటర్ల డబ్బాలోకి. పైనుంచి తిరిగొచ్చే పైపుని కాస్త లావుది వేయండి, సన్నదైతే డబ్బా పొంగుతుంది. దాని చివర ద్రావణంలో మునిగి ఉండాలి, పైనుంచి ధారగా పడితే అరగంటలో నురగ గది నిండా పరుచుకుంటుంది. ప్రవాహం ఎంతుందో మగ్గు, ఫోన్ టైమరు పెట్టి కొలవండి. నిమిషానికి అర లీటరు ఉంటే చాలు. ఆ లెక్క ఊరికే చెప్పడం లేదు, 30 వాట్ల వేడి (30 వోల్టులు, 1 ఆంపియర్) పుడుతుంటే అర లీటరు ప్రవాహానికి లోపలికి వెళ్లిన ద్రావణం కంటే బయటికొచ్చేది ఒక డిగ్రీ లోపే వేడెక్కుతుంది.

బకెట్ నీళ్లు 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ ముక్కలు నేరుగా పైపు చుట్ట మీద వేయకండి. ఎస్‌డీఎస్ చల్లబడితే సూదుల్లా గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, పంపు మూలుగుతుంది, మీరు పంపు చెడిపోయిందనుకుంటారు. లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ఒక్కొక్కటీ బకెట్లో వేస్తుండండి. లీటరు ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు తాగుతుంది, 30 వాట్లంటే గంటకి 108, అంటే ఒక సీసా సుమారు మూడు గంటలు మోస్తుంది, ఎండాకాలంలో రెండే అనుకోండి.

ఆటోనగర్‌లో పాత కారు రేడియేటర్, ఫ్యాన్ తెచ్చి పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. డిసెంబరులో బాగానే పనిచేస్తుంది. మే నెలలో గది లోపలే 38 ఉన్నప్పుడు ఫ్యాన్ ఎంత విసిరినా ద్రావణం గది వేడికంటే కిందికి దిగదు. పెల్టియర్ ప్లేట్లు (కరెంటు పెడితే ఒక వైపు చల్లబడేవి) కూడా చూశాం, అవి లాగే వేడికంటే వెనక వైపు వదిలే వేడి ఎక్కువ, దాన్ని చల్లార్చడానికి ఇంకో ఏర్పాటు కావాలి. ఐస్ సీసాలే నయం.

పవర్ సప్లై, కట్ ఆఫ్

మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే 30 వోల్టులు, 5 ఆంపియర్ల డీసీ సప్లై బాగా సరిపోతుంది. వోల్టేజి 30 దగ్గర పెట్టి కరెంటు లిమిట్ 1 ఆంపియర్‌కి బిగించండి. మా కొలతల డబ్బాలో 30 వోల్టులకి కరెంటు 1 ఆంపియర్ లోపే ఉంటుంది. అసలు క్లారిటీ పద్ధతిలో 10 నుంచి 60 వోల్టుల దాకా వాడారు, కానీ మీరు 30 దాటొద్దు. వోల్టేజి రెట్టింపు చేస్తే కరెంటు కూడా రెట్టింపవుతుంది, వేడి నాలుగింతలవుతుంది.

ఒక డబ్ల్యూ1209 థర్మోస్టాట్ బోర్డు కొనండి, బొమ్మల ఎలక్ట్రానిక్స్ అమ్మే షాపుల్లో కూడా ఉంటుంది. దాని ప్రోబ్‌ని యాక్రిలిక్ డబ్బా నుంచి బయటికొచ్చే పైపు దగ్గర పెట్టి, 42 డిగ్రీలు దాటితే డీసీ సప్లై వైరు తెగిపోయేలా కట్టండి. దీన్ని చల్లబరచడానికి కాకుండా కాపలాకి వాడండి. అలాగే ఆర్ఓ లో ప్రెజర్ స్విచ్‌ని పంపు తర్వాత పెట్టి, దాన్నీ అదే వైరులో వరసగా కలపండి, పంపు ఆగితే కరెంటూ ఆగాలి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకరోజు కరెంటు పోయింది, డీసీ సప్లై ఇన్వర్టర్ మీద ఉంది, పంపు మామూలు లైన్ మీద ఉంది. చిన్న డబ్బాలో కదలకుండా నిలిచిన ద్రావణంలో కరెంటు పారుతూనే ఉంది. తిరిగొచ్చేసరికి ముక్క టీ పొడి రంగులో ఉడికిపోయి ఉంది, పది రోజుల పని. పంపుకీ సప్లైకీ రెండింటికీ కరెంటు పోతే నష్టమేం లేదు, ముక్క వెచ్చటి ఎస్‌డీఎస్‌లో నెమ్మదిగా క్లియర్ అవుతూనే ఉంటుంది. సగం పోతేనే ప్రమాదం.

గాలి సంగతి కూడా. 1 ఆంపియర్ దగ్గర గంటకి సుమారు అర లీటరు హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ పుడతాయి. ఈ రెండూ కలిసి సబ్బు నురగలో ఇరుక్కుంటే, ఆ నురగ నిప్పురవ్వకి పేలుతుంది. మూతకి రంధ్రాలు పెట్టండి, కిటికీ పక్కన పెట్టండి, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు, వైర్లు డబ్బా పైన తీయడం, పెట్టడం సప్లై ఆపాకే.

ద్రావణం కలపడం

5 లీటర్లకి బోరిక్ యాసిడ్ 62 గ్రాములు, ఎస్‌డీఎస్ 200 గ్రాములు. ముందు బోరిక్ యాసిడ్ నాలుగున్నర లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కరిగించండి, సోడియం హైడ్రాక్సైడ్ 6 గ్రాములతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పీహెచ్ 8.5కి తెచ్చుకోండి, చివర్లో ఎస్‌డీఎస్ వేసి నురగ రాకుండా నిదానంగా తిప్పండి, మిగతా నీళ్లు పోసి నింపండి. క్యారమ్స్ పౌడరు కూడా బోరిక్ పౌడరే కదా అని ఒక కుర్రాడు అడిగాడు, మంచి ప్రశ్నే, కానీ అందులో ఇంకేం కలుపుతారో మనకి తెలీదు. డిటర్జెంట్ చేసేవాళ్లకి అమ్మే ఎస్ఎల్ఎస్ పొడి కూడా పేరుకి ఇదే పదార్థం, అందులో ఉప్పులు మిగిలి ఉంటాయి, దాన్ని లీకులు చూసుకోడానికి మాత్రం వాడండి.

రెండు జాగ్రత్తలు. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడకూడదు, పొటాషియం తగిలితే ఎస్‌డీఎస్ తెల్లగా పెరుగు విరిగినట్టు గడ్డకడుతుంది. ఉప్పు, అంటే క్లోరైడ్, ద్రావణంలో పడకూడదు, ప్లస్ వైపు క్లోరిన్ పుట్టి ముక్క రంగునీ, మీరు తర్వాత వేసే ఫ్లోరసెంట్ రంగునీ తినేస్తుంది. బోరు నీళ్లు ఈ కారణానికే పనికిరావు. బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ కొని టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, 10 లోపు ఉంటే వాడుకోవచ్చు.

ముక్క వేసేముందు చైనా గ్రాస్ పరీక్ష

కిరాణా షాపులో చైనా గ్రాస్ కొని నీళ్లలో మరిగించి, మిఠాయిల్లో వేసే పసుపు ఫుడ్ కలర్ ఒక చిటికెడు కలిపి గట్టిపడ్డాక ముక్క కోయండి. మెదడు ముక్క బదులు దీన్ని బుట్టలో నిలబెట్టి అరగంట నడపండి. ఈ రంగులకి రుణావేశం ఉంటుంది కాబట్టి రంగు ప్లస్ వైపు జరగాలి. మైనస్ వైపు ముఖం పాలిపోయి ప్లస్ వైపు చిక్కగా కనిపిస్తే మీ వైర్లు సరిగ్గా ఉన్నాయి. పైన ఒకలా, కింద ఒకలా జరిగితే ఎలక్ట్రోడ్లు ఎదురెదురుగా సమంగా లేవు, లేదా ఒక మూల బుడగ ఉంది. ఈ ఒక్క పరీక్ష మాకు రెండు మెదళ్లు మిగిల్చింది.

ముక్క తయారీ

పచ్చి మెదడు వెన్నలా ఉంటుంది, కోయలేరు. పాథాలజీ ల్యాబులు వాడే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో ముందు పన్నెండు గంటలు మొత్తంగా ఉంచండి, పైన గట్టిపడుతుంది. నేమ్ బోర్డు షాపులో మిగిలిన 2 మి.మీ. యాక్రిలిక్ పట్టీలు రెండు అటూ ఇటూ పెట్టి, మధ్యలో మెదడు ఉంచి, కొత్త బ్లేడుని పట్టీల మీదుగా లాగితే సరిగ్గా 2 మి.మీ. ముక్క వస్తుంది. ముక్కల్ని ఇంకో రోజు ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి బఫర్)లో మూడు నాలుగుసార్లు కడగండి, ఫార్మలిన్ వాసన పూర్తిగా పోవాలి.

జెల్ ద్రావణం 100 మి.లీ.కి: 40 శాతం యాక్రిలమైడ్ 10 మి.లీ., పదిరెట్ల పీబీఎస్ 10 మి.లీ., నీళ్లు 80 మి.లీ., వీఏ-044 పావు గ్రాము. అంతా ఐస్ మీద కలపాలి. ఇది 2014లో అమెరికాలోని కాల్టెక్‌లో వివియానా గ్రాడినారు బృందం వాడిన తేలికైన కూర్పు, జెల్‌లో మళ్లీ ఫార్మాల్డిహైడ్ ఉండదు, హుడ్ కింద పని తగ్గుతుంది. వీఏ-044 వేడికి విచ్చుకుని జెల్ మొదలుపెడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఒక గది నుంచి ఇంకో గదికి చేతిలో పట్టుకెళ్లినా కష్టమే, మా సీసా ఒకటి కారిడార్‌లోనే చిక్కబడింది, ఇంకా ముక్కలోకి ఇంకకముందే. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ముక్కని అందులో నానబెట్టి, తర్వాత 37 డిగ్రీల నీళ్లలో మూడు గంటలు. ఆక్సిజన్ ఉంటే జెల్ కట్టదు, అందుకే గొట్టాన్ని అంచు దాకా నింపి పైన మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక పొర పోయండి. ముక్క చుట్టూ అంటిన జెల్‌ని గ్లవ్స్‌తో తుడిచేసి, ఎస్‌డీఎస్ ద్రావణంలోనే ఒక రోజు ఊరనివ్వండి, రెండుసార్లు మార్చండి. పీబీఎస్‌లోని ఉప్పు, పొటాషియం ఇక్కడే వదిలిపోతాయి.

ఇక బుట్టలో నిలబెట్టి, పంపు వేసి, అయిదు నిమిషాలు బుడగలు పోనిచ్చి, అప్పుడు కరెంటు. యాక్రిలిక్ డబ్బాలో ద్రావణం 37, 40 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. రోజుకి రెండుసార్లు పీహెచ్ కాగితం ముంచండి, 8 కంటే తగ్గితే ద్రావణం మార్చేయండి. 2 మి.మీ. ముక్కకి మాకు రెండు రోజులు పడుతుంది.

ఏం తేడా వస్తే ఎక్కడ చూడాలి

ముక్క రెండు రోజులయినా ఇంకా తెల్లగానే ఉంది అంటారు, నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎస్‌డీఎస్‌లోంచి తీసినప్పుడు కొవ్వు పోయిన ముక్క కూడా మసకగానే, కాస్త ఉబ్బి కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్నది ఇంకా నీళ్లే, గుణకం 1.33. పారేయకండి. ఒక అంచు చిన్న ముక్క కత్తిరించి గ్లిజరిన్‌లో వేసి గంట చూడండి, ఆ ముక్క వెలుగుని వదిలేస్తే మీ పని అయిపోయినట్టే. మధ్యలో మాత్రమే తెల్లగా చారలు మిగిలితే అది తెల్ల పదార్థం, నరాల మీద ఉండే మైలిన్ అంతా కొవ్వే, ఇంకో రోజు నడపండి. ముక్క మొత్తం తెల్లగానే ఉంటే కరెంటు రీడింగ్ చూడండి. అది సున్నా దగ్గరుంటే ఎలక్ట్రోడ్ మీద నురగ కప్పుకుంది, లేదా ప్లాటినం పూత పోయింది.

పసుపు, గోధుమ రంగుకి రెండు కారణాలు. ఒకటి వేడి. రెండోది రక్తం, షాపు మేకకి రక్తనాళాల్లో ఫార్మలిన్ ఎక్కించి కడగలేం కాబట్టి హీమ్ రంగు, అంటే రక్తపు ఎరుపు, మిగులుతుంది. రంగు ముక్కంతా సమంగా ఉంటే వేడి, నాళాల వెంట చారలుగా ఉంటే రక్తం. రక్తం అయితే తర్వాతిసారి తెచ్చిన వెంటనే చల్లటి సెలైన్‌లో బాగా నానబెట్టి కడగండి.

ముక్క జారిపోతూ, ముట్టుకుంటే ముద్దలా ఉంటే జెల్ లోపల కట్టలేదు. వీఏ-044 పాతబడింది, లేదా గొట్టంలో గాలి మిగిలింది. గొట్టంలో ముక్క చుట్టూ ఉన్న ద్రావణం చిక్కబడకపోతేనే అనుమానం రావాలి, కరెంటు దాకా వెళ్లక్కర్లేదు.

నల్ల చుక్కలు కనిపిస్తే ఫిల్టర్ మార్చి, ఎలక్ట్రోడ్‌కి తీగ అతికించిన చోట చూడండి. ఆ అతుకు ద్రావణంలో మునగకూడదు, టంకం సీసం అంతా కరిగి వస్తుంది.

కరెంటు దానంతటదే పెరుగుతూ పోతే భయపడకండి, ద్రావణం వేడెక్కుతోందని అర్థం, వేడి ద్రావణంలో కరెంటు సులువుగా పారుతుంది. బకెట్లో చెయ్యి పెట్టి చూడండి, ఐస్ అయిపోయి ఉంటుంది.

చివరి కడుగుడు, గ్లిజరిన్

క్లియర్ అయిన ముక్కని నేరుగా పీబీఎస్‌లో వేస్తే అందులోని పొటాషియంకి ఎస్‌డీఎస్ గడ్డకట్టి ముక్క మంచులా తెల్లబడుతుంది. ముందు ఎస్‌డీఎస్ లేని బోరేట్ (బోరిక్ యాసిడ్) ద్రావణంలో రెండు రోజులు, పూటకోసారి మారుస్తూ కడగండి, గది వేడిలోనే, ఏసీ గదిలో వద్దు. ఒక చుక్క ఊపితే నురగ రాకపోతే కడగడం అయినట్టు. తర్వాత 40 శాతం గ్లిజరిన్‌లో ఒక పూట, 60లో ఒక పూట, ఆపైన 85లో. ఒకేసారి చిక్కటి గ్లిజరిన్‌లో వేస్తే ముక్క ముడుచుకుంటుంది. మందుల షాపు గ్లిజరిన్ చాలు, 85 శాతం దగ్గర గుణకం 1.45 ఉంటుంది, మనకి కావాల్సింది అదే. సాయంత్రం వేస్తే పొద్దుటికి అక్షరాలు కనిపిస్తాయి, ముందు అంచులు మాయమవుతాయి, తర్వాత మధ్య.

వాడిన ద్రావణాన్ని సింకులో పోయకండి. మన ఊళ్లలో డ్రైనేజీ చివరికి కాలువల్లో కలుస్తుంది, ఆ కాలువల నీళ్లు పొలాలకీ పోతాయి, బోరాన్ ఎక్కువైతే మొక్కలకి మంచిది కాదు, ఎస్‌డీఎస్ చేపలకి మంచిది కాదు. పాత క్యాన్లలో నింపి, ఏముందో, ఎప్పటిదో రాసి, కాలేజీ రసాయన వ్యర్థాలతో పంపించండి. మిగిలిన యాక్రిలమైడ్ ద్రావణంలో వీఏ-044 కలిపి వేడి చేసి పూర్తిగా జెల్ కట్టించాకే ఇవ్వండి. ఫార్మలిన్ క్యాను వేరు. ఎలక్ట్రోడ్లని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టండి, పంపులో వెచ్చటి నీళ్లు పది నిమిషాలు తిప్పి ఖాళీ చేయండి, ఎస్‌డీఎస్ లోపల ఎండితే తర్వాతిసారి డయాఫ్రమ్ అతుక్కుపోయి పంపు లాగదు.